మగపిల్లలు ఖాళీ చేసిచ్చిన హాస్టల్

2005 జూన్‌లో నన్ను వనపర్తి పీజీ కేంద్రానికి ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌గా వేస్తూ మా విశ్వవిద్యాలయం నుంచి ఉత్తర్వులు వచ్చాయి. అప్పటికి నేను వృక్షశాస్త్ర విభాగంలో రీడర్‌ని. లెక్చరర్‌కు పైన, ప్రొఫెసర్‌కు కింద ఉండే హోదా అది. ఇప్పుడు ఆ పేరు వాడుకలో లేదు. ప్రధాన ప్రాంగణానికి రాలేని జిల్లా పిల్లలకు ఎమ్మే, ఎమ్మెస్సీ చదువులు దగ్గరలో ఉండాలని పెట్టిన శాఖలనే పీజీ కేంద్రాలంటారు. అక్కడి ప్రిన్సిపాల్ పదవికి పేరు పెద్దది, అధికారం చిన్నది. తరగతులు జరిపించవచ్చు, సెలవులు మంజూరు చేయవచ్చు. ఒక గదిని ఒక పని నుంచి ఇంకో పనికి మార్చాలంటే మాత్రం రిజిస్ట్రార్ అనుమతి కావాలి.

మా కేంద్రం ఊరి చివర, పల్లిచేలు మొదలయ్యే చోట ఉండేది. తరగతి గదుల భవనం ఒకటి, రెండంతస్తుల హాస్టల్ ఒకటి. ఆ రెండింటి మధ్య సగంలో ఆగిపోయిన సెమినార్ హాలు ఉండేది. దానికి పైకప్పు పడింది, గోడలు లేచాయి. కిటికీలకు, గుమ్మాలకు తలుపులు లేవు, కింద గచ్చు లేదు. హాస్టల్ మగపిల్లలది. కేంద్రం మొదలైన రోజుల్లో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది చేరేవారట, వాళ్లూ వనపర్తి వాళ్లేనట. అందుకని వాళ్లకు హాస్టల్ కట్టాలన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు. నేను వెళ్లేసరికి పరిస్థితి మారింది. తెలకపల్లి, నాగర్‌కర్నూలు, గద్వాల వైపు నుంచి కూడా అమ్మాయిలు ప్రవేశ పరీక్ష రాసి సీట్లు తెచ్చుకుంటున్నారు. వాళ్లు ఉండడానికి చోటు లేదు.

సెప్టెంబరులో హాజరు సమీక్ష చేశాను. మా నిబంధనల ప్రకారం విద్యార్థికి డెబ్బై ఐదు శాతం హాజరు ఉండాలి. కొద్దిగా తగ్గితే డాక్టర్ సర్టిఫికెట్ చూపించి మినహాయింపు కోరవచ్చు, దాన్ని కండొనేషన్ అంటాం. అంతకన్నా తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఆ ఏడాది పోయినట్టే. సమీక్షలో చూస్తే చదువులో ముందున్న అమ్మాయిలే హాజరులో వెనకబడి ఉన్నారు. మొదటి పీరియడ్, మధ్యాహ్నం ఆఖరి ప్రాక్టికల్ అందరికీ పోతున్నాయి. కారణం బస్సులు. పొద్దునే ఇల్లు విడిచి, నాగర్‌కర్నూలులో బస్సు మారి వచ్చేసరికి ఒక తరగతి అయిపోతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలంటే ఆఖరి గంటకు ముందే బయలుదేరాలి.

అలాంటి వాళ్లలో శివలీల ఒకరు. మా విభాగంలోనే ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. తెలకపల్లి దాటాక లోపలికి ఉన్న పల్లె వాళ్లది. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. సూక్ష్మదర్శిని కింద చూసినదాన్ని బొమ్మ వేయమంటే, పుస్తకంలో ఉన్నది కాకుండా తనకు కనబడినదే వేసేది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి విద్యార్థులు నాకు తక్కువ మందే దొరికారు.

దసరాకు కొన్ని వారాల ముందు ఒక రోజు ఆమె తండ్రి కుర్మయ్యను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. కుర్చీ చూపిస్తే ఆయన కూర్చోలేదు.

"మేడం, జర బిడ్డ సర్టిఫికెట్లు ఇప్పియ్యుండ్రి. చదువు బంద్ చేపిస్తున్న" అన్నాడు.

ఎందుకని అడిగాను. ఆ కుటుంబం ఏటా పండగ అయ్యాక, కూలీలను జట్టుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట పూనా పోయి ఇళ్ల కట్టడం పనులు చేస్తుంది. వానకాలం పంట సమయానికి తిరిగి వస్తుంది. ఇన్నాళ్లూ శివలీలను నానమ్మకు అప్పజెప్పి వెళ్లేవారు. ఆ ఎండాకాలంలో ఆ ముసలామె పోయింది.

"ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? పొద్దుగాల పోయి చీకటి పడంగ వస్తది. ఊర్ల రూం తీసుకుందామంటే ఒక్క ఆడపిల్లకు ఇయ్యం అంటుండ్రు. ఈడ మగపిలగాండ్లకు ఉన్నట్టు హాస్టల్ ఉంటే ధైర్నంగ ఇడిసిపెట్టి పోదును. లేదాయె. మాతోని తోలుకపోత."

శివలీల గుమ్మం పక్కన నిలబడి ఉంది. నీ మాటేమిటని అడిగితే తండ్రి వైపు చూడకుండా, "నాకు బంద్ చెయ్యాలని లేదు మేడం. గని నాయిన చెప్పేదాంట్ల తప్పు లేదు" అంది.

ఆ అమ్మాయికి సర్టిఫికెట్లు ఇస్తే సీటు పోతుంది. మళ్లీ చదవాలంటే మళ్లీ ప్రవేశ పరీక్ష రాయాల్సిందే. పూనా వెళ్లిన పిల్ల తిరిగొచ్చి పరీక్ష రాస్తుందని నాకు నమ్మకం లేదు. పండగ దాకా ఆగమని కుర్మయ్యను బతిమాలాను. "మీరింత చెప్తుండ్రు గాబట్టి ఆగుత. గని పండుగ దాటితే నా చేతుల లేదు మేడం. మేస్త్రీకి మాటిచ్చిన" అని చెప్పి వెళ్లాడు.

ప్రధాన ప్రాంగణానికి వెళ్లి అడిగాను. బాలికల హాస్టల్ వచ్చే పంచవర్ష ప్రణాళికలో పెడతామన్నారు. అప్పటికి శివలీల ఎమ్మెస్సీ కాలమే అయిపోతుంది. ఊళ్లో అద్దె ఇల్లు చూశాను. ఒక యజమాని ఒప్పుకుని, అంతమంది ఆడపిల్లలను పెడితే లేనిపోని తలనొప్పి అని చుట్టుపక్కల వాళ్లు అనేసరికి వెనక్కి తగ్గాడు. మిగతావాళ్లు మొదటి మాటకే తల అడ్డంగా ఊపారు. ఈలోగా ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా మానేసే ఆలోచనలో ఉన్నారని తెలిసింది.

ఇక్కడ తిరుపతయ్య గురించి చెప్పాలి. ఎమ్మే ఎకనామిక్స్ రెండో సంవత్సరం, అలంపూర్ దగ్గరి పల్లె, రైతు కుటుంబం. హాస్టల్ విద్యార్థులకు నాయకుడు. నేను చేరిన నెలలోనే నీళ్ల కోసం నా గది ముందు విద్యార్థులను బైఠాయింపజేశాడు. ధర్నా చేయడంలో అతనికొక పద్ధతి ఉండేది. ముందు రోజు వచ్చి, "రేపు మీ మీద ధర్నా ఉంది మేడం. చెప్పి చేస్తం, చాటుగ చెయ్యం" అని చెప్పి వెళ్లేవాడు. ధర్నా జరిగినంతసేపూ గొంతు చించుకుని అరిచి, అయిపోయాక వచ్చి మంచినీళ్లు అడిగి తాగేవాడు.

అమ్మాయిల విషయం అతనికీ తెలిసింది. నా గదికి వచ్చి, ఏం ప్రయత్నాలు చేశారని అడిగాడు. దాచకుండా చెప్పాను. ఇంకో ధర్నాకు సిద్ధపడుతున్నాడనుకున్నాను. కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, "మా హాస్టల్ వాళ్లకిస్తే ఎట్లుంటది మేడం?" అన్నాడు.

నాకు ఆ ఆలోచన రాలేదు. వచ్చి ఉన్నా అడిగే ధైర్యం చేసేదాన్ని కాదు. మీరెక్కడ ఉంటారని అడిగాను.

"ఆ సెమినార్ హాల్ల పండుకుంటం. మీద కప్పు ఉంది గద. మిగిలిందంత మేము చూసుకుంటం. మా హాస్టల్ల సగం మందిమి సెలవులల్ల కట్టడం పనికి పోయినోళ్లమే."

అయితే ఉత్తర్వు తయారు చేస్తానన్నాను. అతను గట్టిగా అడ్డు చెప్పాడు.

"ఆర్డర్ ఇయ్యకుండ్రి మేడం. మీరు ఖాళీ చెయ్యమంటే అందరికన్న ముందు నేనే చెయ్యనంట. మేమే ఇస్తే ఆ లెక్క వేరే. అందర్ని కూసుండబెట్టి మాట్లాడుత. మీరు రాండ్రి, గని ఏం మాట్లాడకుండ్రి."

ఆ ఆదివారం పొద్దున మెస్ హాల్లో సమావేశం జరిగింది. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. తిరుపతయ్య విషయం చెప్పగానే గుసగుసలు మొదలయ్యాయి. ముందుగా లేచింది గోవర్ధన్. ఎమ్‌కామ్ ఆఖరి సంవత్సరం, ప్రతి పరీక్షలో తరగతిలో మొదట నిలిచే కుర్రాడు. మితభాషి.

"నాకిది మంచిగనిపిస్తలేదు" అన్నాడు. "హాస్టల్ కట్టియ్యడం యూనివర్సిటీ పని. వాళ్లు చెయ్యాల్సిన పని మనం మీదేసుకుంటే, ఇగ వాళ్లెందుకు కట్టిస్తరు? నాది ఫైనల్ ఇయర్. గాలికి, దుమ్ముల కూసొని నేనెట్ల చదవాలె?"

అన్నదాంట్లో తప్పేమీ లేదు. నిజానికి నన్ను భయపెట్టింది కూడా ఆ మొదటి మాటే. పిల్లలు సర్దుకుపోతే పైవాళ్లు నిశ్చింతగా ఉంటారు. చాలామంది అతనివైపు తలలూపారు.

తిరుపతయ్య గొంతు పెంచుతాడనుకున్నాను. పెంచలేదు.

"నువ్వన్నది కరెక్టే. యూనివర్సిటీ పనే. బిల్డింగ్ కోసం కొట్లాడుదాం, నేనే ముందల కూసుంట. గని కొట్లాడి, అది సాంక్షన్ అయి, గోడలు లేసేసరికి ఈ ఏడు వచ్చిన పిల్లలు యాడుంటరు? శివలీల పూనాల ఇటుకలు మోస్తుంటది. ఆ పిల్ల మనకంటె మంచిగ చదువుతది, నీకు తెల్వదా?"

గోవర్ధన్ "తెలుసు. అయినా నేను ఒప్పుకోను. ఓటు పెట్టు. అందరు ఔనంటే నేను గూడ పెట్టె సదురుకుంట" అన్నాడు.

చేతులెత్తించారు. ఎక్కువ చేతులు లేచాయి. గోవర్ధన్ చేయి లేవలేదు. సభ అయిపోయాక తన రేకు పెట్టె కిందికి దించిన మొదటివాళ్లలో అతనూ ఉన్నాడు.

తర్వాతి వారం నేను మరిచిపోలేనిది. తరగతులు అయిపోగానే అబ్బాయిలు లుంగీలు ఎగగట్టి పనిలోకి దిగేవారు. పాత కట్టడంలో మిగిలిన సిమెంటు, ఇసుక ఉంటే వాడుకోనిచ్చాను. ఒకరు మాలు కలిపితే ఒకరు తట్టలు అందించారు. ఎకనామిక్స్, తెలుగు చదివే పిల్లలు నేలకు గచ్చు పోసి, తాపీతో నున్నగా లాగి, హాలును అడ్డుగోడలతో మూడు భాగాలు చేశారు. గుమ్మాలకు గోనెపట్టాలు కట్టారు. వాళ్లలో చాలామందికి ఆ పని ఎలా వచ్చిందో నాకు తెలుసు. తల్లిదండ్రులతో పాటు పరాయి రాష్ట్రాల్లో ఇతరుల ఇళ్లకు చేసిన పని అది. ఖాళీ చేసిన గదులను కడిగి, గోడల మీద రాసుకున్న రాతలకు సున్నం కొట్టి, తాళంచెవులు నా బల్ల మీద పెట్టారు.

కుర్మయ్యకు కబురు పంపాను. ఆయన వచ్చి హాస్టలంతా తిరిగి చూశాడు. గేటు లాగి చూశాడు, గడియలు వేసి తీశాడు, స్నానాల గదుల్లో నీళ్లు వస్తున్నాయా అని కొళాయి తిప్పాడు. బయటికి వచ్చి, పక్కనే నిలబడ్డ తిరుపతయ్యను, "మరి మీరు యాడ పండుకుంటుండ్రు నాయినా?" అని అడిగాడు.

"గా హాల్ల, పెదనాయినా."

కుర్మయ్య హాలు దాకా నడిచి, గోనెపట్టా పక్కకు జరిపి లోపలికి చూశాడు. తిరిగి వచ్చి నాతో, "మేడం, బిడ్డను ఇడిసిపెట్టి పోతున్న. మేము మల్ల వచ్చెదాంక మీదే భారం" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "ఈ పిలగాండ్లు నీకు తోడబుట్టినోళ్ల లెక్క. మంచిగ చదువుకో" అని చెప్పి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయాడు. శివలీల గేటు దాకా వెళ్లి, ఆయన మలుపు తిరిగే వరకూ నిలబడింది.

నా ఇబ్బంది నెల తర్వాత మొదలైంది. పురుషుల కోసం మంజూరైన హాస్టల్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చినందుకు సంజాయిషీ ఇమ్మని రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి మెమో వచ్చింది. మెమో అంటే అధికారి తన కింది ఉద్యోగిని లిఖితపూర్వకంగా నిలదీయడం. అబ్బాయిలను బలవంతంగా వెళ్లగొట్టానని ఎవరో ఫిర్యాదు చేశారట. అది ఎవరన్నది నేను ఆరా తీయలేదు. మెస్ హాల్లో సమావేశం కాగానే అనుమతి కోరుతూ నేను లేఖ రాశాను, జవాబు రాకముందే మార్పు జరిగింది. నిబంధన ప్రకారం అది ఉల్లంఘనే, అలాగే ఒప్పుకుని రాశాను. విచారణకు విద్యార్థి వ్యవహారాల డీన్ వస్తున్నారని తెలిసింది. డీన్ అంటే విశ్వవిద్యాలయం మొత్తం మీద ఆ శాఖ చూసే సీనియర్ ప్రొఫెసర్. ఫిర్యాదు నిజమని ఆయన తేల్చితే నన్ను తప్పిస్తారు. అది అంత పెద్ద నష్టం కాదు. కానీ హాస్టల్‌ను యథాస్థితికి తేవాలని కూడా ఉత్తర్వు వస్తుంది. అమ్మాయిల తల్లిదండ్రులు చాలామంది అప్పటికే పనుల కోసం ఊళ్లు విడిచి వెళ్లారు. ఆ పిల్లలను ఎక్కడికి పంపాలి?

డీన్ గారు భౌతికశాస్త్రం ప్రొఫెసర్, నిబంధనల విషయంలో పట్టింపు ఉన్న మనిషి. వచ్చీ రాగానే హాలు చూశారు. గోనెపట్టాలు, వరుసగా చాపలు, దండెం మీద బట్టలు. ఆయన ముఖం మారింది. "పీజీ విద్యార్థులు ఇలా ఉంటున్నారా?" అన్నారు.

నన్ను బయట ఉండమని అబ్బాయిలతో విడిగా మాట్లాడతానన్నారు. నేను కూడా అక్కడే ఉండాలని తిరుపతయ్య పట్టుబట్టాడు. "మేడం ముందల చెప్పలేని మాట మాకేం లేదు సార్" అన్నాడు. డీన్ గారు ఒప్పుకున్నారు కానీ, "నువ్వు నాయకుడివి, నీ మాట వద్దు. మొదటినుంచి దీనికి ఇష్టపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

గోవర్ధన్ లేచాడు.

"నేనున్న సార్. మీటింగుల వద్దన్న. ఇప్పుడు గూడ వద్దనే అంట. ఈడ చలికి నిద్ర పడతలేదు, దుమ్ముకు పుస్తకాలు ఖరాబైతున్నయి. ఇది యూనివర్సిటీ చెయ్యాల్సిన పని, మాతోని చేపియ్యడం న్యాయం కాదు."

డీన్ గారు ఆసక్తిగా ముందుకు వంగారు. "అయితే మిమ్మల్ని బలవంతంగా పంపించారన్నమాట."

"లేదు సార్. గట్ల ఎవరన్నరు?" గోవర్ధన్ ఆశ్చర్యపోయాడు. "మేడం ఒక్క మాట గూడ అనలే. మేమే కూసొని ఓట్లేసుకున్నం. నేను ఓడిపోయిన. ఓడిపోయిన గని నన్నెవరు బలవంతం చెయ్యలే. ఇంకోటి సార్. మీరిప్పుడు మమ్మల్ని మల్ల హాస్టలకు పొమ్మంటే నేను పోను. అమ్మాయిలను బయటికి పంపి నేను రూంల పండుకోను. మీకు చేతనైతే ఇంకో బిల్డింగ్ కట్టియ్యుండ్రి."

డీన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత అమ్మాయిల హాస్టల్‌కు వెళ్లి, శివలీలను, మిగతావాళ్లను హాజరు గురించి, చదువు గురించి అడిగారు. వెళ్లేముందు కారు దగ్గర నాతో ఒకే మాట అన్నారు. "మీరు చేసింది పొరపాటే. నేనైతే చేసేవాణ్ణి కాదు. ఆ కుర్రాడు చెప్పింది విన్నాక, చేసి ఉండాల్సిందేమో అనిపిస్తోంది."

ఉత్తర్వులు రెండు వచ్చాయి. ఒకటి, కొత్త ఏర్పాటును తాత్కాలికంగా అనుమతిస్తూ, బాలికల హాస్టల్‌కు విడిగా భవనం సిఫారసు చేస్తూ. రెండోది నన్ను మందలిస్తూ. ఆ మందలింపు నా సర్వీసు రికార్డులో ఉద్యోగం చివరిదాకా ఉంది. దాన్ని తీసేయమని నేను అడగలేదు.

మర్నాడు తిరుపతయ్య నా గదికి వచ్చాడు. అభినందించడానికి అనుకున్నాను.

"రేపు మీ మీద ధర్నా ఉంది మేడం" అన్నాడు. "హాలుకు తలుపులు పెట్టియ్యాలె. డీన్ సార్ చూసి పోయిండు, ఇప్పుడడిగితే వస్తయి."

మర్నాడు ధర్నా జరిగింది. నినాదాలు ఇచ్చినవాళ్లలో అందరికన్నా పెద్ద గొంతు గోవర్ధన్‌ది. అమ్మాయిలు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ కోరికను నేను సంతోషంగా పైకి పంపాను. సంక్రాంతి చలి తగ్గకముందే తలుపులు, కిటికీలు వచ్చాయి.

ఆ ఏడాది హాజరు తక్కువై పరీక్ష రాయలేకపోయిన అమ్మాయి మా కేంద్రంలో ఒక్కరూ లేరు. శివలీల రెండేళ్లూ అక్కడే ఉండి విభాగంలో ప్రథమంగా నిలిచింది. తర్వాత నాగర్‌కర్నూలులో లెక్చరర్‌గా చేరింది. తిరుపతయ్య పరీక్షలయ్యాక ఉపాధ్యాయుడై అలంపూర్ వైపే పనిచేశాడు. ఆ ప్రాంతం వరదలో మునిగిన ఏడాది అతనే ఫోన్ చేసి, తాను సహాయ శిబిరంలో పనిలో ఉన్నానని, ఇంటివాళ్లు క్షేమమని చెప్పి రెండు నిమిషాల్లో పెట్టేశాడు. గోవర్ధన్ ఆ దుమ్ములోనే చదివి మళ్లీ మొదటి స్థానం తెచ్చుకున్నాడు. బ్యాంకు ఉద్యోగంలో చేరాక ఒకసారి కలిసినప్పుడు, ఇప్పటికైనా మనసు మారిందా అని అడిగాను. "లేదు మేడం. అది యూనివర్సిటీ పనే" అన్నాడు నవ్వుతూ.

బాలికల హాస్టల్ కట్టడం పూర్తయ్యేసరికి, గదులు వదిలి వెళ్లిన ఆ అబ్బాయిలు అందరూ చదువులు ముగించుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఆ గదుల్లో ఒక్కరోజు కూడా ఉండలేదు.

తర్వాత ప్రధాన ప్రాంగణంలో విద్యార్థి సంక్షేమ కమిటీలో పదవీ విరమణ దాకా పనిచేశాను. అలాంటి కమిటీల్లో కొత్త సౌకర్యం గురించి చర్చించేటప్పుడు, దానివల్ల మేలు పొందేవాళ్లను పిలిచి అభిప్రాయం అడగడం మామూలు. వాళ్లు ఎలాగూ కావాలనే అంటారు. వనపర్తి తర్వాత నేను ఆ పద్ధతి మార్చుకున్నాను. ఆ పనివల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతుందో వాళ్లను ముందు పిలిచేదాన్ని. ఉత్తర్వు చేతిలో పెట్టి కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పి అడిగేదాన్ని. వద్దన్నవాళ్ల మాట కూడా పూర్తిగా వినేదాన్ని. కొన్నిసార్లు ఒప్పుకున్నారు, కొన్నిసార్లు ఒప్పుకోలేదు. ఒప్పుకున్న పనులు మాత్రం నేను పదవీ విరమణ చేసిన తర్వాత కూడా నిలిచాయి.